తాడు కింద మొలిచిన మొక్క

మాధవరం స్థలంలో ఆ మొక్కల్ని ఎవరు నాటారో కనకవల్లికి అంతుచిక్కలేదు. తూర్పు గోడకు ఈవలగా, నూలు పట్టి గీసినట్టు తిన్నటి వరుస. ఒకచోట గుంపుగా, ఇంకోచోట ఎడంగా ఉన్నాయి గానీ ఒక్క మొక్కా గీత దాటలేదు. ఆవిడ నాటలేదు. చెల్లెలి కూతురు కార్తీక నాటలేదు. గుంతలు తవ్విన కూలీలు పడమటి సగం దాటి ఇటు రానేలేదు.

"సుమ్మా వాటంతటవే మొలిచినవి ఇంత తిన్నగా ఎట్లా వస్తాయే?" అని అడిగింది.

కార్తీక గొంతుక్కూర్చుని ఆకులు తిప్పి చూసింది. "తెరియల పెద్దమ్మా," అని అరవంలో అనేసి, పెద్దమ్మకు తెలుగులోనే చెప్పాలని గుర్తొచ్చి, "ఇది వేప. ఇది కలివి, ముళ్ళు చూడు. ఇది నేరేడు. ఇదేందో మాత్రం తెలీడం లేదు," అంది.

ఆ తెలియని మొక్క జానెడు కూడా లేదు. ఆకు చిన్నదే గానీ అట్టముక్కలా గట్టిది. అంచుల్లో సన్నటి పళ్ళు, వేలికి గుచ్చుకునేంత వాడిగా. వరుసలో అలాంటివి మరికొన్ని ఉన్నాయి.

ఎకరం పైచిలుకు ఉన్న ఆ స్థలం పాలకాలనీ వెనకాల ఉంది. కనకవల్లి మామగారి రోజుల్లో అక్కడ కొబ్బరిపీచు తాళ్ళు పేనించేవారు. అటు కొసనా ఇటు కొసనా రాతి కంబాలు పాతించి, వాటి మధ్య తాడు సాగదీసి మెలివేసేవారు. నైలాను వచ్చాక ఆ పని మూలబడింది. ఆవిడ భర్త వరదరాజులు సౌకార్‌పేటలో తాళ్ళ మండీ నడుపుతూనే ఉన్నాడు గానీ సరుకంతా ఇప్పుడు బయటి మిల్లులనుంచి చుట్టలుగా వస్తుంది. మాధవరంలో సీమతుమ్మ పెరిగి, లోపలికి మనిషి దూరడానికి సందు లేకుండా పోయింది.

లారీలు నిలుపుకోవడానికి ఇమ్మని ఎవరో అడిగితే, స్థలం చూపించడానికి వరదరాజులు వెళ్ళాడు. ఊరికే తోడు వెళ్ళింది కనకవల్లి. తుమ్మకంపల నడుమనుంచి ఒక ముంగిస, వెనకాల రెండు పిల్లలతో బయటికొచ్చింది. మనుషుల్ని చూసి ఆగింది. ముందుకాళ్ళు ఎత్తి నిలబడి, వచ్చినవాళ్ళెవరో లెక్క తేల్చుకున్నట్టు ఒక్కొక్కరినీ చూసి, అదే తోవన వెనక్కి పోయింది.

"ఇదంతా చదును చేస్తే ఇవి యాడికి పోతాయండీ?" అని అడిగింది కనకవల్లి.

లారీ వాళ్ళు నవ్వారు. వరదరాజులు నవ్వలేదు. ఇంటికొచ్చాక కూడా ఆవిడ రెండుసార్లు అదే అడిగింది. చుట్టూ ఉన్నవన్నీ గోడౌన్లు, తారు రోడ్లు, మూడంతస్తుల ఇళ్ళు. నిజంగా యాడికి పోతాయి? ఆ ప్రశ్న ఆవిడను వదల్లేదు. చివరికి, "ఆ చోటు నాకు వదిలెయ్యండి. లారీలకు మాధవరంలో ఇంకెన్ని చోట్లు లేవు," అంది. పెళ్ళయి ముప్ఫయ్యేళ్ళు దాటినా తనకంటూ ఏదీ అడగని మనిషి అడిగేసరికి వరదరాజులు కాదనలేకపోయాడు.

కార్తీక చెట్ల చదువు చదివి, ఊళ్ళో ఖాళీ చోట్ల నాటు చెట్లు పెంచే ఒక చిన్న సంఘంలో పనిచేస్తోంది. పెద్దమ్మ పిలవగానే వచ్చింది. సీమతుమ్మను ఒక్కసారిగా కాక, ముంగిసలకు చాటు పోకుండా, సగం సగంగా తీయించింది. ఒకప్పుడు ఈ సముద్రపు ఒడ్డు నేలలో ఉండిన అడవి ఏదో, ఆ అడవి చెట్లే తెచ్చింది: అల్లి, పాల, ఉలిమిరి, అడవినిమ్మ, కానుగ. మొదటి వేసవికే సగానికి సగం మాడిపోయాయి. ఎండిన పుల్లల్ని చూస్తూ కనకవల్లి చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. మళ్ళీ వానలు పడ్డాక, చచ్చినచోట కొత్తవి పెట్టిస్తున్నప్పుడు, తూర్పున ఈ వరుస కనబడింది. నీళ్ళు పోసినవారు లేరు, కంచె కట్టినవారు లేరు. నాటిన వాటికన్నా ఇవే కళగా ఉన్నాయి.

ఆ సాయంత్రం కార్తీక వెళ్ళిపోయినా కనకవల్లి అక్కడే కూర్చుంది. వెలుగు ఎర్రబడే వేళకు గోరింకలు వచ్చాయి. ఒకదాని వెనక ఒకటి దిగి, గాల్లో వరుసగా కూర్చున్నాయి. గాల్లో ఎట్లా కూర్చుంటాయని కళ్ళు చిట్లించి చూస్తే, రెండు రాతి కంబాల నడుమ నీలం నైలాను తాడు. తుమ్మ తీసేటప్పుడు హద్దు కోసం కూలీలు కట్టి, విప్పడం మరిచిపోయారు. గోరింకలు కాసేపు రచ్చ చేసి, రెట్టలు వేసి, రాత్రి మకాముకు వెళ్ళిపోయాయి. ఆవిడ దగ్గరికి వెళ్ళి చూసింది. రెట్టల్లో గింజలున్నాయి. సరిగ్గా తాడు కిందే మొక్కలు.

ఇంటికి వచ్చి చెబితే వరదరాజులు అన్నం ముద్ద చేతిలోనే పట్టుకుని విన్నాడు. "నా తాడు మీదనా?"

"మీ తాడు మీదనే."

"ఏ సైజు? ఎనిమిది ఎమ్మెమ్మా, పదా?"

"అదేం తెలుస్తాది నాకు. మీరే వచ్చి చూడండి."

మరుసటి ఆదివారం ఆయన వచ్చాడు. రెండు చుట్టలు వెంట తెచ్చాడు. మొక్కలు మాడిపోయిన పడమటి వైపు వెదురు గడలు పాతించి, వాటి మధ్య అడ్డంగా, ఏటవాలుగా తాళ్ళు కట్టించాడు. బిర్రుగా ఉంటే గోరింక కూర్చుంటుందా, కాస్త వదులుగా ఉంటే కూర్చుంటుందా అన్నది ఆయనకు పెద్ద ప్రశ్న అయిపోయింది. రెండు రకాలూ కట్టి చూశాడు. బిర్రుగా ఉన్నదే వాటికి నచ్చింది. పికిలిపిట్టలు మాత్రం వదులు తాడెక్కి ఊగేవి.

తెలియని మొక్క సంగతి అట్లాగే ఉండిపోయింది. కార్తీక ఫొటోలు తీసి తన మాస్టారికి పంపింది. లేత మొక్కను చూసి ఇదమిత్థమని చెప్పడం కష్టం, పువ్వో కాయో కావాలి, తల్లిచెట్టు ఎక్కడుందో వెతకండి అని ఆయన జవాబిచ్చాడు.

"వెతకమంటే యాడని వెతికేది? పిట్ట కడుపులో వచ్చింది," అంది కనకవల్లి.

"గోరింకలు రోజూ మైళ్ళు తిరుగుతాయి పెద్దమ్మా. అయినా మరీ దూరం ఉండదు. ఈ పక్కన్నే యాడో ఉంటాది."

ఆ 'యాడో' అన్న మాట ఆవిడకు పట్టుకుంది. ఒక ఆకు తుంచి చేతిసంచిలో వేసుకుంది. అది ఎండితే ఇంకొకటి. సౌకార్‌పేట సందుల్లో పాత ఇళ్ళ పెరళ్ళు తొంగి చూసింది. గుళ్ళో ప్రదక్షిణం చేస్తూ గోడవతల కొమ్మల్ని పరికించింది. బంధువుల పెళ్ళిలో వరదరాజులు పక్కకొచ్చి మెల్లిగా, "ముహూర్తం అయిపోయింది వల్లీ. నువ్వు పెళ్ళికూతుర్ని చూళ్ళేదు, మండపం వెనకాల చెట్టును చూస్తా ఉండావు," అన్నాడు.

"అది మన చెట్టు కాదు లెండి," అందావిడ.

అరవల ఆడి నెలలో, జూలై చివర, ఒక పొద్దున ఆటోలో మాధవరం పోతుంటే వ్యాసర్పాడి వంతెన మీద బండ్లన్నీ ఆగిపోయాయి. కింద రైల్వే యార్డు, పట్టాలు, గూడ్సు పెట్టెలు. యార్డు గోడను ఆనుకుని ఉన్న ఇళ్ళ మధ్య గుబురైన చెట్టొకటి నల్లగా కనబడేంత పచ్చగా ఉంది. దాని నిండా గోరింకలు. చెట్టే అరుస్తున్నట్టుంది. కనకవల్లి ఆటో దిగి, పక్క మెట్లమీదుగా కిందికి నడిచింది.

చెట్టు కింద బెంచీ మీద ఒక పెద్దాయన పేపరు చదువుతున్నాడు. పేరు పాల్‌రాజ్. వ్యాగన్లు రిపేరు చేసే పనిలో ఉండి రిటైరయ్యాడు. ఆయనది తమిళం, ఆవిడది తెలుగూ తమిళం కలిసిన భాష.

"ఇది ఏం చెట్టయ్యా?"

"పేరు ఎవరికమ్మా తెలుసు? నేను పిల్లోడిగా ఉన్నప్పుడూ ఇంతే ఉండింది, ఇప్పుడూ ఇంతే ఉంది. పండ్లు తియ్యగా ఉంటాయి. కాకపోతే మనకు మిగలనివ్వవు ఇవి," అని పైకి చూపించాడు.

చిట్టి గోలీల కన్నా చిన్న ఎర్రటి పండ్లు. ఒకటి నోట్లో వేసుకుంది. పలచటి కండ, తీపి, లోపల ఒకే గింజ. ఆకు కోసి తన ఆకు పక్కన పెట్టింది. రంగు అదే, మందం అదే. అంచు మాత్రం నున్నగా ఉంది. ఒక్క పన్నైనా లేదు.

ఆవిడ ముఖం వాడిపోవడం పాల్‌రాజ్ చూశాడు. "ఏంటమ్మా, ఏమైనా పారేసుకున్నారా?"

జవాబు చెప్పబోతూ కిందికి చూసింది. బెంచీ కాళ్ళ దగ్గర, రాలిన ఆకుల్లోంచి చిన్న చిన్న మొలకలు తలెత్తి ఉన్నాయి. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని నేలమీద కూర్చుంది. మొలకల ఆకుల అంచుల్లో సన్నటి పళ్ళు. పాల్‌రాజ్‌ను కూడా కూర్చోబెట్టి చూపించింది. రోజూ కాళ్ళు పెట్టుకునే చోటే అయినా ఆయన ఎన్నడూ వంగి చూడలేదు. చిన్నవాటికి పళ్ళుండి ముసలిదానికి ఊడిపోవడం మన మాదిరే ఉందని ఆయన నవ్వాడు.

ఆ మధ్యాహ్నమే కార్తీక వచ్చింది. కాయా, ఆకూ, మొద్దు మీద గాడులు గాడులుగా ఉన్న బెరడూ చూసింది. "వీర పెద్దమ్మా. వీరచెట్టు. అరవంలో వీరై అంటారు. ఇది పెరగడానికి ఒక మనిషి ఆయుష్షు చాలదు. మన నర్సరీల్లో దొరకలేదని దీన్ని నేను మనం నాటే చెట్ల పట్టికలోనుంచే తీసేసినా. అట్లాంటిది అదే వచ్చి కూర్చునింది." కాయను వేళ్ళ మధ్య తిప్పుతూ, "ఇంకో సంగతి. వీరలో ఆడచెట్టు వేరే, మగచెట్టు వేరే. ఇది ఆడది. ఇన్ని కాయలు కాసిందంటే..." అంది.

"మగది యాడో ఉండాల," అని కనకవల్లి పూర్తి చేసింది.

పాల్‌రాజ్ తల అడ్డంగా ఆడించాడు. ఈ చుట్టుపక్కల ఇట్లా కాసే చెట్టు ఇంకోటి లేదన్నాడు.

"కాయదయ్యా. మగది కదా, అది కాయదు. పూస్తాది, అంతే."

కాయలుంటే పిట్టల్ని చూసి పట్టుకోవచ్చు. కాయని చెట్టును కనుక్కోవడం ఎట్లా? పూత కాలం దాకా ఆగాలంది కార్తీక. ఆగడం కనకవల్లికి చేతకాలేదు. మాధవరం పోయినప్పుడల్లా దారిలో వ్యాసర్పాడిలో దిగి రెండు వీధులు తిరిగొచ్చేది. మాసి నెల, అంటే ఫిబ్రవరి దాటి పూత కాలం, వచ్చేసరికి వరదరాజులు కూడా మండీని గుమాస్తాకు వదిలి వెంట బయలుదేరాడు. అంగట్లో కూర్చుంటే ఆ చెట్టు సంగతే తోస్తోందని ఒప్పుకున్నాడు. వీర కొమ్మను చొక్కా జేబులో పెట్టుకుని, టీ కొట్లలో, ఇస్త్రీ బండ్ల దగ్గర చూపించి అడిగేవాడు. చాలామంది ఏదో మందు కోసమనుకుని, తమకు తెలిసిన మందులు చెప్పారు.

చివరికి కొళాయి దగ్గర బిందె పట్టుకుంటున్న ఒకామె కొమ్మను అటూ ఇటూ తిప్పి, "ఇది డ్రమ్ముల యార్డులో ఉండే మలడు చెట్టు," అంది. మలడు అంటే గొడ్రాలు. "ఒక్క కాయ కాసి ఎరగదు. దాన్ని కొట్టేస్తా ఉండారు గదా. రెండు దినాలుగా ఒకటే మోత."

ఆ మాట వినడం కనకవల్లికి కొత్త కాదు. ఒకప్పుడు నోములకూ సీమంతాలకూ పోయినచోట, తలుపు చాటున అదే మాట ఆవిడ చెవిన పడింది. ఇప్పుడు ఎవరూ అనడం లేదు, వయసు దాటింది కాబట్టి. వరదరాజులు ఆవిడ వైపు చూడకుండా, "ఏ సందు?" అని ఆ కొళాయి ఆమెను అడిగాడు.

డ్రమ్ముల యార్డు రెండు వీధుల అవతలే. నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు గుట్టలుగా ఉన్న ఆవరణలో చెట్టుకు ఒక పక్క రెండు పెద్ద కొమ్మలు పోయాయి. తెల్లటి గాయాలు. కింద కూలీలు టీ తాగుతున్నారు. రంపం చైను తెగిందట, ఇంకోటి తేవడానికి మనిషి వెళ్ళాడు. యార్డు యజమాని శివరామ్ నెల్లూరు వైపునుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడు.

"షెడ్డు వేస్తున్నామండీ. అడ్డంగా ఉంది," అన్నాడు.

"ఒక్క నిమిషం ఆగు నాయనా. చూసుకోనీ," అని కనకవల్లి మిగిలిన కొమ్మ కిందికి పోయింది. ఆకుల మొదళ్ళలో గుత్తులు గుత్తులుగా పసుపుపచ్చటి చిన్న పూలు. తేనెటీగల రొద. ఒక రెమ్మ విరిచి అరచేతిలో దులిపింది. పచ్చటి పొడి రాలింది.

"చూడు. దీంట్లో పిందె కట్టే భాగమే లేదు. వట్టి పుప్పొడి. ఇది మగచెట్టు."

"మగచెట్టా?" శివరామ్ చెయ్యి చాచాడు. ఆవిడ అతని అరచేతిలోనూ దులిపింది. అతను వేలితో రుద్దుకుని చూశాడు. "చెట్లలో మగా ఆడా ఏందమ్మా?"

"తాటిచెట్టుకు లేదా? పోతుతాటి చెట్టు కాయలు కాస్తాదా?"

అతను కాదనలేకపోయాడు. "సరే, అయితే మాత్రం? నాకు షెడ్డు కావాలి."

వరదరాజులు కల్పించుకున్నాడు. "రైలు గోడ పక్కన ఎర్రపండ్ల చెట్టు చూసినావా? గోరింకలు వాలేది?"

"చూడకేం. మా పిల్లలు చిన్నప్పుడు ఆడే ఉండేవాళ్ళు, మూతులన్నీ ఎర్రగా చేసుకుని."

"దాని పండ్లకు ఇది తండ్రి. ఈ పొడి తేనెటీగలు ఆడికి మోస్తాయి. ఇది లేకుంటే మళ్ళీ ఏడాది ఆ చెట్టులో పండుండదు. మాకు తెలిసినంత మేర వెతికినాము, ఇంకోటి కనిపించలేదు."

శివరామ్ అరచేతిలోని పొడి కేసి చూసుకున్నాడు. వెనక రేకుల గదిలోంచి అతని భార్య సంయుక్త వచ్చి నిలబడి ఎప్పటినుంచి వింటోందో, దగ్గరికొచ్చి చెట్టును పైనుంచి కిందికి చూసింది.

"కాపురానికొచ్చినప్పట్నుంచీ దీని కిందే బట్టలారేస్తున్నా," అంది. "పండగొస్తే వాకిట్లో ఈ చెట్టెందుకు, అచ్చిరాదు అని అందరూ అనేవాళ్ళు. నేనూ అన్నాను." రెమ్మ అందుకుని వాసన చూసింది. "అంటే ఇది గొడ్డుది కాదన్నమాట."

"కాదమ్మా," అంది కనకవల్లి.

"షెడ్డు ఆ గోడవైపు జరపరాదా?" అని సంయుక్త మొగుణ్ణి అడిగింది. "లారీ తిరగడానికి కూడా అదే అనువు. నేను మొదట్నుంచీ చెప్తున్నదే."

లారీ తిరిగే సంగతి మీద వాళ్ళిద్దరూ కాసేపు వాదించుకున్నారు. కనకవల్లి కింద రాలిన పూరెమ్మల్ని ఏరి పక్కన పెడుతూ వింది. చివరికి శివరామ్ కూలీల్ని పిలిచి, ఈ రోజుకు చాలు, పొండి అన్నాడు. ఈ రోజుకా, ఎప్పటికీనా అని ఆవిడ అడగలేకపోయింది. దారిలో వరదరాజులే, "ఎప్పటికీనే. ఆమె ఒప్పుకోదులే," అన్నాడు.

ఆయన చెప్పినట్టే అయింది. షెడ్డు గోడవైపు లేచింది. కొమ్మలు పోయిన పక్క కార్తీక వెళ్ళి గాయాలకు కావలసింది చేసింది. ఆ ఆడిలో ఎర్రపండ్లు కాశాయి గానీ గోరింకల గోల మునుపటంత లేదు. పోయిన కొమ్మల వల్ల పూత తగ్గి కాపు తగ్గిందా, వానలు ముందుగా పడినందుకా, ఎవరికీ తేలలేదు. కార్తీక ఒకటంటుంది, వరదరాజులు ఒకటంటాడు. పాల్‌రాజ్ మాత్రం ఈసారి తనకు నాలుగు పండ్లు మిగిలాయని సంతోషించాడు.

రాలిన గింజలు ఏరుకొచ్చి కనకవల్లి మాధవరంలో కుండీల్లో వేసింది. చాలావాటికి మొలకే రాలేదు. పడమటి తాళ్ళ కింద గోరింకలు వేసినవి మాత్రం వానలకు లేచాయి. దీని కిటుకేదో తెలుసుకోవాలని ఆవిడ ఆ యేడు రకరకాలుగా ప్రయత్నించింది, ఏదీ పిట్ట పనికి సాటి రాలేదు. ఉలిమిరి, కానుగ మనిషెత్తు దాటాయి. జెముడుకాకి ఒకటి కలివి పొదల్లో కాపురం పెట్టింది. ముంగిసలు ఎన్నున్నాయో తెలీదు, కనబడ్డప్పుడల్లా వేరే పిల్లలు.

సంక్రాంతితో మొదలయ్యే తై నెల తర్వాత ఒక ఆదివారం సంయుక్త మాధవరం చూడ్డానికి వచ్చింది. కనకవల్లి ఆమెను తూర్పు వరుస దగ్గరికి తీసుకుపోయింది. మొదట చూసిన వీర మొక్కలు మోకాటి ఎత్తుకు వచ్చాయి. కొత్త ఆకుల్లో పళ్ళు తగ్గడం మొదలైంది.

"వీటిల్లో మగదేది, ఆడదేది అక్కా?"

"తెలీదు. పూసినాకే తెలుస్తాది."

"ఎప్పుడు పూస్తాయి?"

"పదేళ్ళో, ఇరవయ్యో. కార్తీకకే తెలీదంట." అలా అంటున్నప్పుడు, అప్పటికి తనెక్కడుంటుందోనన్న ఆలోచన ఆవిడకు రాకపోలేదు. అయితే దాంతోపాటే ఇంకో ఆలోచనా వచ్చింది. మగదైనా ఆడదైనా ముందు పూసే మొక్క ఏదై ఉంటుంది? ఎండ ఎక్కువ తగిలే ఈ చివరిదా, నీడలో ఉన్న ఆ నడిమిదా?

సంయుక్త వంగి నడిమి మొక్క ఆకును పట్టుకుంది. ఆకు వెనక, ఈనెను కరుచుకుని, ఆకుపచ్చటి పురుగొకటి. అంచు చుట్టూ సగం దాకా కొరికేసింది.

"అయ్యో, తినేస్తా ఉంది. తీసి పారెయ్యనా?"

కనకవల్లి కళ్ళద్దాలు సవరించుకుని దగ్గరగా చూసింది. ఇదివరకు ఈ మొక్క మీద ఏ పురుగూ చూడలేదు. ఏ సీతాకోకచిలుక వచ్చి గుడ్డు పెట్టి పోయిందో, ఈ నేలలో వీర మొలిచిందని దానికి ఎవరు చెప్పారో.

"వద్దు, ఉండనీ," అంది. "రెక్కలొచ్చినాక చూస్తాం, అది ఎవరో."